అచ్చుయంత్రం పక్కన పెరిగిన చెయ్యి: గ్రాఫిక్ డిజైనర్‌గా సత్యజిత్ రాయ్

(కడపలో అప్లైడ్ ఆర్ట్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, స్కెచ్ పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన రచయితకు నగదుతో పాటు ఒక రాగి ఫలకం ఇస్తారు. మన జిల్లా కథకులు కేతు విశ్వనాథరెడ్డి గారికి 1996లోనూ, పక్క జిల్లా అనంతపురం నవలాకారులు బండి నారాయణస్వామి గారికి 2019లోనూ ఆ పురస్కారం వచ్చింది. ఆ ఫలకానికి రూపకల్పన చేసినవారు సత్యజిత్ రాయ్. అకాడమీ పుస్తకాల మీద కనిపించే గుర్తు కూడా ఆయన గీసిందే. రూపా ప్రచురణ సంస్థ గుర్తు కూడా అంతే. సినిమా దర్శకుడిగా ఆయన పేరు వినని వారు ఈ సభలో ఉండరనుకుంటాను; కానీ ఆయన సినిమా ఒక్కటైనా చూడని వారి పుస్తకాల బీరువాలో సైతం ఆయన చేతిపని ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. ఈ పూట నేను మాట్లాడేది ఆ చేతిపని గురించే. సినిమాల ప్రస్తావన అవసరం పడినంత మేరకే తెస్తాను.

రాయ్ గురించి రాసేవారు సాధారణంగా ఒక జాబితాతో మొదలుపెడతారు: పుస్తకాల అట్టలు, ప్రకటనలు, పోస్టర్లు, బొమ్మలు, అక్షరాలు, సంగీతం, కథలు, సినిమాలు. చివర బహుముఖ ప్రజ్ఞాశాలి అని ఒక బిరుదు తగిలించి ముగిస్తారు. ఆ బిరుదుతో నాకు పేచీ లేదు గానీ, విద్యార్థికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇన్ని పనులు ఒక మనిషి ఎలా చేయగలిగాడు అన్నది తెలిస్తేనే మనకు ఉపయోగం. నా అభిప్రాయంలో ఆయనకు మూలంలో తెలిసిన విద్య ఒక్కటే, అది అచ్చుపని. కాగితం మీద సిరా ఎలా పడుతుంది, ఏ గీత బ్లాకులో, అంటే అచ్చు వేసే పలకలో, నిలుస్తుంది, ఏది చెదిరిపోతుంది అన్న జ్ఞానం ఆయనకు ముందు వచ్చింది. శైలులన్నీ ఆ తర్వాత దాని మీద మొలిచాయి.

ఆ జ్ఞానం ఇంటి నుంచే వచ్చింది. తాతగారు ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి బాలసాహిత్య రచయిత, చిత్రకారుడు. అంతకు మించి, ఫొటోలను అచ్చు వేయడానికి వాడే హాఫ్‌టోన్ పద్ధతి మీద స్వయంగా పరిశోధనలు చేసిన సాంకేతికుడు. విదేశానికి వెళ్లకుండానే, కలకత్తాలో కూర్చుని ఆయన చేసిన ప్రయోగాల ఫలితాలు ఇంగ్లండులో వెలువడే పెన్రోజ్ వార్షిక సంచికలలో వ్యాసాలుగా వచ్చాయి. యు. రాయ్ అండ్ సన్స్ అనే ముద్రణాలయం ఆయన స్థాపించినదే. 1913లో పిల్లల కోసం ‘సందేశ్’ పత్రిక మొదలుపెట్టినది కూడా ఆయనే. కుమారుడు సుకుమార్ రాయ్ ముద్రణ విద్య చదువుకోవడానికి 1911లో లండన్ వెళ్లి వచ్చారు. బెంగాలీ పిల్లలు ఇప్పటికీ కంఠస్థం చేసే వింత వింత పద్యాలు రాసింది, వాటికి బొమ్మలు వేసింది ఆయనే. ఆ సుకుమార్ 1923లో, ముప్ఫయి ఐదేళ్ల వయసులో, కాలా అజార్ వ్యాధితో మరణించారు. అప్పటికి సత్యజిత్‌కు రెండున్నరేళ్లు కూడా నిండలేదు. తర్వాత కొద్దికాలానికే ముద్రణాలయం అప్పుల్లో మునిగి చేతులు మారింది. తల్లీబిడ్డలు ఆ ఇల్లు వదిలి మేనమామల పంచన చేరారు.

అయినా ఆ నాలుగైదేళ్లు ఊరికే పోలేదు. గార్పార్ రోడ్డులోని ఆ భవనంలో ముందుభాగం ప్రెస్సు, వెనకభాగం నివాసం. తన బాల్యం గురించి రాసిన పుస్తకంలో రాయ్ ఒక ముచ్చట చెప్పారు. బ్లాకులు తయారుచేసే గదిలో పెద్ద ప్రాసెస్ కెమెరా ఒకటి ఉండేది. దాన్ని నడిపే పనివాడి పేరు రామ్‌దహిన్. పిల్లవాడు కాగితం మీద ఏవో పిచ్చిగీతలు గీసుకుని పోయి, ఇది సందేశ్‌లో రావాలి అని ఇచ్చేవాడు. రామ్‌దహిన్ సరేనని తల ఊపి, ఆ కాగితాన్ని కెమెరా ముందు పెట్టి, పిల్లవాడిని ఎత్తి పట్టుకుని, కెమెరా వెనక అద్దం మీద ఆ గీతలు తలకిందులుగా పడటం చూపించేవాడు. టర్పెంటైన్ వాసన తగిలితే చాలు ఆ గది కళ్లముందు కదులుతుందని పెద్దయ్యాక కూడా ఆయన రాసుకున్నారు. అక్షరాభ్యాసం నాటికే తన గీత అచ్చుకు పోయే దారిలో తలకిందులవుతుందని చూసిన పిల్లవాడు ఆయన. మీలో చాలామందికి ఆ దారి కంప్యూటర్ తెర దగ్గరే ఆగిపోతోందన్న బాధ నాకుంది, అందుకే ఈ ముచ్చట ఇంత వివరంగా చెప్పాను.

1940లో ఆయన శాంతినికేతన్ కళాభవన్‌లో చేరారు. వెళ్లింది తల్లి మాట మీద, రవీంద్రుని మీద గౌరవంతో; మనసులో ఉన్నది మాత్రం వ్యాపారచిత్రకళ. అక్కడ ఆ విద్య నేర్పేవారు లేరు. కానీ నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ వంటి చిత్రకారులు ఉన్నారు. అజంతా, ఎల్లోరా గుహలు తిరిగి చూసింది అప్పుడే. కుంచె మొనను ఎక్కడ ఆనించాలి, ఎక్కడ ఎత్తాలి, మధ్యలో ఖాళీని ఎలా మాట్లాడించాలి అన్నది ఆయనకు ఆ గురువుల దగ్గర ఒంటబట్టింది. వినోద్ బిహారీ చూపు పూర్తిగా పోయిన తర్వాత కూడా కళను వదలని మనిషి; ఆయన మీద రాయ్ 1972లో తీసిన డాక్యుమెంటరీ గురుదక్షిణ వంటిది. ఐదేళ్ల కోర్సును సగంలోనే వదిలి 1942 చివర్లో రాయ్ కలకత్తా వచ్చేశారు. డిగ్రీ పట్టా లేదు.

1943 ఏప్రిల్‌లో డి.జె. కీమర్ అనే బ్రిటిష్ ప్రకటనల సంస్థలో జూనియర్ విజువలైజర్‌గా చేరారు. జీతం నెలకు 80 రూపాయలు. విజువలైజర్ అంటే ప్రకటనకు ముందుగా ఒక రూపం ఊహించి, బొమ్మ ఎక్కడ, శీర్షిక ఎక్కడ, ధర ఎక్కడ అని పేజీని కట్టేవాడు. మలేరియా మాత్రలకు, తేయాకుకు ఆయన ప్రకటనలు చేశారు. పాలుడ్రిన్ అనే మలేరియా మందు ప్రకటనల్లో ఆయన గీసిన మధ్యతరగతి భారతీయ కుటుంబాల్ని చూస్తే, ఆ కూర్చున్న తీరు, చీర కట్టు, గదిలోని సామాను అన్నీ మన ఇళ్లవే. పరాయి దేశపు ప్రకటనల పుస్తకాలు ముందేసుకుని టోపీ తీసేసి తలపాగా పెట్టే అలవాటు అప్పటి కొన్ని ఏజెన్సీలకు ఉండేది; ఆయన ఆ పని చేయలేదు.

ఆయన ప్రతిభ పూర్తిగా విచ్చుకున్నది మాత్రం పుస్తకాల అట్టల మీద. కీమర్‌లోనే పనిచేసే డి.కె. గుప్తా 1943లో సిగ్నెట్ ప్రెస్ అనే ప్రచురణ సంస్థ పెట్టి, డిజైన్ బాధ్యతను ఆయనకు అప్పగించారు. నచ్చినట్టు చెయ్యి అన్నారు. చేతిలో స్వేచ్ఛ ఉంది, డబ్బు లేదు. ఈ రెండూ కలిసినప్పుడు డిజైనర్ అసలు రంగు బయటపడుతుంది. ఫొటోలోని వెలుగునీడల్ని చుక్కలుగా మార్చే హాఫ్‌టోన్ బ్లాకుకు నునుపైన కాగితం కావాలి, ఖర్చు ఎక్కువ. నలుపు, తెలుపు తప్ప మధ్యలో ఛాయలు లేని లైన్ బ్లాకు చౌక. గరుకు కాగితం మీద కూడా నిలుస్తుంది. హాఫ్‌టోన్ పరిశోధకుడి మనవడు లైన్ బ్లాకుకు నప్పే గీతను పట్టుకున్నాడు: మందంగా, తెగువగా, రెండు మూడు రంగుల్లోనే మొత్తం కథ చెప్పే గీత.

సిగ్నెట్ అట్టల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. జిమ్ కార్బెట్ కుమావూ పులుల వేట పుస్తకానికి బెంగాలీ అనువాదం అది. మనలో ఎవరికైనా ఆ పని వస్తే ఏం చేస్తాం? అడవి గీస్తాం, కోరలు చాచిన పులిని గీస్తాం, పక్కన తుపాకీ పట్టిన దొరను నిలబెడతాం. రాయ్ పులిని గీయలేదు. అట్ట అంతా పసుపు, నలుపు చారల పులిచర్మం పరిచారు. ముందు అట్ట మీద తుపాకీ గుండు దిగిన రంధ్రం. పుస్తకం పేరు ఆ రంధ్రంలో ఉంది. పుస్తకం తిప్పితే వెనక అట్ట మీద ఆ గుండు బయటికి దూసుకుపోయిన రంధ్రం, అది మొదటిదానికంటే పెద్దది. గుండు లోపలికి పోయేటప్పుడు చేసే గాయం చిన్నది, బయటికి వచ్చేటప్పుడు చేసేది పెద్దది. ఇది వేటగాళ్లకు తెలిసిన సంగతి. అంటే మన చేతిలో ఉన్నది పులి దేహమే, మధ్యలోని పేజీల గుండా గుండు పోయింది. పుస్తకానికి మందం ఉందని, అది ముందూ వెనకా ఉన్న వస్తువని గుర్తుంచుకున్నవాడికే ఈ ఆలోచన తడుతుంది. తెర మీద ముందు అట్ట ఒక్కటే చదునుగా పరుచుకుని పనిచేసే వారికి తట్టడం కష్టం.

అదే చెయ్యి జీవనానంద దాస్ కవితా సంపుటికి అట్ట వేసినప్పుడు గీత పూర్తిగా మారిపోతుంది. నెహ్రూ ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ను సిగ్నెట్ 1946లో తొలిసారి ప్రచురించినప్పుడు దానికి అట్ట చేసిందీ ఆయనే, అక్కడ స్వరం మరొకటి, పెద్దమనిషి తరహా. బిభూతిభూషణ్ నవల ‘పథేర్ పాంచాలి’కి పిల్లల కోసం చేసిన సంక్షిప్త రూపానికి చెక్క మీద చెక్కినట్టుండే బొమ్మలు వేశారు. ఈ నాలుగు పుస్తకాల్నీ పక్కపక్కన పెడితే నలుగురు వేర్వేరు చిత్రకారులు వేశారనుకుంటాం. ఆయన శైలి అంటూ ఒకటి లేదని ఆక్షేపించినవారూ ఉన్నారు. నేను ఒప్పుకోను. పుస్తకం లోపల ఏముందో చదివి, ఆ విషయమే అట్ట మీద గీతను నిర్ణయించేలా చేయడం ఆయన శైలి. చదవకుండా అట్ట వేయడం ఆయనకు చేతకాదు. నలుగురిలా కనిపించే ఆ చిత్రకారుల్లో చివరివాడే, ‘పథేర్ పాంచాలి’కి బొమ్మలు వేసినవాడే, తర్వాత సినిమా తీశాడు. ఆ పిల్లల పుస్తకానికి బొమ్మలు వేస్తున్నప్పుడే ఆ కథ సినిమా అవుతుందన్న ఆలోచన ఆయనలో నాటుకుంది.

ఇక అక్షరం దగ్గరికి వస్తాను. మనకు అందరికంటే ఎక్కువ పనికొచ్చే భాగం ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

బెంగాలీ లిపిలో అక్షరాలు పైన ఒక అడ్డగీతకు, దండెం మీద ఆరేసిన బట్టల్లా, వేలాడుతూ ఉంటాయి. ఆ గీతను వారు మాత్ర అంటారు. అది పదాన్ని ఒక్కటిగా కట్టేస్తుంది. డిజైనర్‌కు అది వరం, బంధనం కూడా. 1961లో మొదలైన ‘ఎక్ఖన్’ అనే సాహిత్య పత్రికకు రాయ్ ఏళ్ల తరబడి అట్టలు వేశారు. పత్రిక పేరులో ఉన్నవి మూడే అక్షరాలు. అట్టల మీద ఇంకేదీ దాదాపు ఉండదు, ఆ మూడు అక్షరాలే. వాటిని సంచిక సంచికకూ మార్చి మార్చి రాశారు: ఒకచోట లావుగా పేజీ అంతా ఆక్రమించి, మరోచోట కుంచె ఒక్క విసురులో, ఇంకోచోట రేఖాగణితపు పెట్టెల్లా. మాత్రను కొన్నిసార్లు సాగదీశారు, కొన్నిసార్లు విరిచారు, కొన్నిసార్లు తీసేశారు. ఎంత మార్చినా చదువరి ఎక్కడా తడబడడు. అక్షరంలో ఏ భాగం పోతే గుర్తు పోతుందో, ఏ భాగం పోయినా ఫరవాలేదో ఆయనకు కచ్చితంగా తెలుసు.

మన లిపిలో ఆ అడ్డగీత లేదు. మన తలకట్టు ఏ అక్షరానికి ఆ అక్షరానికే విడిగా ఉంటుంది. గుడులు, ఎత్వాలు పైకి లేస్తాయి, ఒత్తులు కిందికి దిగుతాయి. కాబట్టి తెలుగు పదానికి పైనా కిందా చోటు కావాలి. మన ఊళ్లో ఫ్లెక్సీలు చూడండి. పేరు పెద్దదిగా కనపడాలని అక్షరాన్ని అడ్డంగా సాగదీస్తారు, పంక్తుల మధ్య ఎడం తగ్గిస్తారు, పైపంక్తిలోని ‘స్త’ ఒత్తు వచ్చి కిందిపంక్తిలోని గుడికి గుద్దుకుంటుంది. ఒకప్పుడు ఏడురోడ్ల దగ్గర దుకాణాలకు బోర్డులు రాసిన ఆర్టిస్టులు ఈ తప్పు చేసేవారు కాదు. సుద్ద పూసిన దారాన్ని రేకు మీద బిగించి గీత కొట్టేటప్పుడే ఒత్తులకు కింద ఎంత వదలాలో కొలుచుకునేవారు. చదువు తక్కువైనా, అక్షరానికి ఒళ్లు ఉంటుందని వారికి తెలుసు. మన జిల్లాలోనే ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో క్రీ.శ. 575 ప్రాంతపు తెలుగు శాసనం ఉంది. రాతి మీద ఉలితో చెక్కిన ఆ పంక్తుల నకలు తెచ్చుకుని, ఉలి ఎక్కడ ఆగింది, ఎక్కడ తిరిగింది అని వేలితో వెంబడించి చూడండి. మనం ఇవాళ గుండ్రంగా రాసే అక్షరాలు ఆ రోజు అంత గుండ్రంగా లేవు. పరికరం మారితే అక్షరం మారుతుందన్నది ఇక్కడే, మన గడప దగ్గరే కనపడుతుంది.

తెలుగులో ఈ మాట వచ్చినప్పుడు బాపు గారి పేరు రాకుండా ఉండదు. ఆయనా ప్రకటనల రంగంలో పనిచేశారు, కార్టూన్లు వేశారు, లెక్కలేనన్ని అట్టలు గీశారు, 1967 నుంచి సినిమాలు తీశారు. ఆయన చేతిరాత కంప్యూటర్ ఫాంటుగా మారి శుభలేఖల దాకా వెళ్లింది. ఇద్దరి దారీ ఒకటే అనిపిస్తుంది గానీ, తేడా ఉంది. బాపు గీత దూరం నుంచి చూసినా బాపుదే. ఏ పుస్తకానికి వేసినా ఆ సంతకం దాగదు. రాయ్ సంతకాన్ని దాచేస్తారు. ఏది గొప్ప అని నన్ను అడగకండి. విద్యార్థి దశలో ఉన్నవారు మాత్రం రెండోదాన్నే ముందు సాధన చేయడం క్షేమమని నా సలహా. బాపు గీతను అనుకరించి అక్కడే ఆగిపోయినవారిని మన పత్రికల్లో చాలామందిని చూశాను.

1950లో కీమర్ సంస్థ ఆయన్ను లండన్ కార్యాలయానికి పంపింది. ఉద్యోగం చేస్తూనే ఆరు నెలల్లో వందకు కాస్త అటూ ఇటూగా సినిమాలు చూశారు; తిరుగు ప్రయాణంలో ఓడలోనే తన తొలి సినిమా ‘పథేర్ పాంచాలి’కి నోట్సు రాసుకున్నారు. 1952లో చిత్రీకరణ మొదలైంది, సినిమా 1955లో విడుదలైంది. అప్పటివరకూ ఆయన ఏజెన్సీ ఉద్యోగే. సెలవు దినాల్లో షూటింగు. ఆ సినిమాకు మామూలు పద్ధతిలో రాసిన స్క్రిప్టు లేదు. ఉన్నది సిరాతో గీసిన బొమ్మల పుస్తకం. డబ్బు పెట్టేవారికి ఆ బొమ్మలే చూపించి కథ చెప్పేవారు, చాలామంది మర్యాదగా విని పంపించేశారు. సినిమా పేర్ల కార్డులూ చేతిరాతే. ఆ తర్వాత చివరిదాకా తన సినిమాల పోస్టర్లు, టైటిళ్లు, తారల దుస్తులు, సెట్ల నమూనాలు స్వయంగా గీసుకున్నారు.

వీటన్నిటికీ ఆయన వాడింది ఖరీదైన సామగ్రి కాదు. మన పాతబజారు మండీల్లో లెక్కలు రాసుకునే ఎర్రగుడ్డ అట్ట చిట్టాపుస్తకాలు ఉంటాయి కదా, అలాంటివే కలకత్తాలోనూ దొరుకుతాయి. అవే ఆయన పనిపుస్తకాలు. ఒక పేజీలో సంభాషణ, పక్కన కెమెరా కోణం, దాని కింద ఒక పాత్ర వేసుకోవాల్సిన కోటు, మూలలో సంగీతపు స్వరాలు, ఇంకో మూలలో పోస్టరు మీద పేరు ఎలా రాయాలన్న ప్రయత్నాలు. విడివిడి కళలని మనం అనుకునేవి ఆయనకు ఒకే పేజీలో ఇమిడిపోయాయి. సినిమా ఎలా ఉండబోతోందో పేరు రాసే అక్షరంలోనే ఆయన ముందు పరీక్షించుకునేవారని ఆ పేజీలు చూస్తే నాకనిపిస్తుంది.

తాతగారి ‘సందేశ్’ను 1961లో మిత్రుడు సుభాష్ ముఖోపాధ్యాయ్‌తో కలిసి ఆయన మళ్లీ తెచ్చారు. పత్రికకు పేజీలు నింపాలి కాబట్టి కథలు రాశారు. ఫెలూదా అనే డిటెక్టివు, ప్రొఫెసర్ శంకు అనే శాస్త్రవేత్త అలా పుట్టిన పాత్రలే. వాటికి బొమ్మలూ తనవే, శీర్షికల అక్షరాలూ తనవే. ప్రపంచ ప్రసిద్ధుడైన దర్శకుడు షూటింగుల మధ్య విరామంలో పిల్లల పత్రికకు చిన్న చిన్న లైన్ బొమ్మలు వేస్తూ కూర్చున్నాడంటే మనకు వింతగా ఉంటుంది. ఆయన ఇంట్లో మూడు తరాలుగా జరిగిన పని అది.

ఆయన చేసిన ప్రతిదీ సమానంగా నిలిచిందని చెప్పలేను. రోమన్ లిపిలో రాయ్ రోమన్, రాయ్ బిజార్, డాఫ్నిస్, హాలిడే స్క్రిప్ట్ అనే అక్షరమాలలు రూపొందించారు. మొదటి రెండింటికీ 1971లో అంతర్జాతీయ పోటీలో బహుమతి వచ్చింది. అందంగానే ఉంటాయి, కానీ అచ్చులోకంలో విరివిగా వాడుకలోకి రాలేదు. నా మటుకు నాకు ఆయన ప్రతిభ అక్కడ కాస్త బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది. ఒక అక్షరమాల చేయాలంటే ఏ అక్షరం పక్కన ఏ అక్షరం వచ్చినా ఇమిడేలా ప్రతిదాన్నీ అదుపులో పెట్టాలి. ఆయన బలమంతా దానికి ఎదురుదిశలో ఉంది: ఒక్క పదం, ఒక్క సందర్భం, ఆ సందర్భానికే పుట్టిన అక్షరం. 1985లో కలకత్తాలో ప్రారంభమైన నందన్ చలనచిత్ర కేంద్రం గుర్తు చూడండి, గుండెజబ్బు తర్వాత చేసిన పని అది. అయినా చెయ్యి వణకలేదు. 1992లో, ఆస్కార్, భారతరత్న రెండూ దక్కిన కొద్దివారాలకే, ఆయన కన్నుమూశారు.

మీ అధ్యాపకులు నన్ను ఒక అభ్యాసం ఇచ్చి వెళ్లమన్నారు. ఎక్ఖన్ పేరులో మూడు అక్షరాలున్నట్టే మన ఊరి పేరులోనూ మూడే ఉన్నాయి. మూడింటికీ తలకట్టు ఉంది, మూడింటికీ ఒత్తుల బెడద లేదు. ‘కడప’ అనే పేరుతో ఒక మాసపత్రిక ఉందనుకోండి. పన్నెండు నెలలకు పన్నెండు అట్టలు చేయండి. బొమ్మ ఉండకూడదు, ఆ మూడు అక్షరాలే ఉండాలి. రంగులు రెండుకు మించకూడదు. మొదటి ఆరూ కంప్యూటర్ ముట్టకుండా కుంచెతో, బద్దకలంతో, కత్తిరించిన కాగితంతో చేయండి. మే నెల అట్ట చూస్తే మన ఎండ తెలియాలి. తలకట్టు తీసేసినా చదవగలుగుతున్నామా అన్నది మీ ఇంట్లో పెద్దవారికి చూపించి పరీక్షించండి, స్నేహితులకు కాదు; స్నేహితులు ముందే ఊహించేస్తారు. వచ్చే నెల మొదటి వారంలో నేను మళ్లీ వస్తాను, వాటిని గోడకు వరసగా అంటించి ఒక్కొక్కదాని గురించీ మాట్లాడుకుందాం. సెలవు.